అర్జీ వేరు, యాచన వేరు

ప్రతి సంవత్సరము పరీక్షలు ముగిసి, విద్యార్థులు ఇళ్లకు వెళ్లి, వరండాలు బోసిపోయిన వేళ మన కళాశాలలలో ఒక తంతు జరుగుతుంది. దానికి వార్షిక మదింపు అని పేరు. అధ్యాపకులు ఒక ఫారము నింపుతారు. ఎన్ని పీరియడ్లు తీసుకున్నారు, ఫలితాలు ఎంత శాతము, ఏ సెమినారుకు వెళ్లారు, ఏ కమిటీలో పని చేశారు అన్న ప్రశ్నలు అందులో వుంటాయి. ఆ పిమ్మట ప్రిన్సిపాలుగారి గదిలోనో, కరస్పాండెంటుగారి ఎదుటనో పది నిమిషాల సంభాషణ. టీ వస్తుంది. కుశల ప్రశ్నలు అవుతాయి. "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అని పెద్దలు అడుగుతారు. "ఏమీ లేదు సార్, అంతా మీ దయ" అని అధ్యాపకుడు లేస్తాడు. తలుపు దాటి నాలుగడుగులు వేసిన తరువాత చెప్పవలసినదంతా అతనికి జ్ఞాపకము వస్తుంది.

ఈ "ఏమీ లేదు సార్" అనే మాటను గూర్చి వ్రాయవలెనని చాలకాలముగా మా మనస్సులో వున్నది. ఈ పత్రిక చదివే విద్యార్థి మిత్రులలో పలువురు రెండు మూడేళ్లలో ఏదో ఒక ఆఫీసులో అటువంటి కుర్చీలోనే కూర్చుంటారు. కమిటీ పెద్దలు ఇప్పటికే బల్లకు ఆవలి వైపున వున్నారు. జీతము పెంచమని అడగడము అమర్యాద అనే భావము మన సమాజములో, అందులోను మన వంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలలో, ఎంత లోతుగా నాటుకొని పోయినదో ఇరువురూ ఆలోచించవలసి వున్నది. అడగడములో అమర్యాద ఏమీ లేదని మా అభిప్రాయము. ఆ పది నిమిషాలు అధ్యాపకుడు తన పనికి లెక్క చెప్పే సమయము. లెక్క చెప్పినవానికి జవాబు పొందే హక్కు వుంటుంది.

మన పత్రిక రెండు భాషలది గనుక రెండు భాషల మాటలనే ముందు చూద్దాము. తెలుగులో జీతము అన్నది జీవితము అనే సంస్కృత పదానికి వికృతి. ఉర్దూలో తన్‌ఖ్వాహ్ అన్నది ఫారసీ మాట. తన్ అనగా శరీరము, ఖ్వాహ్ అనగా కోరునది. శరీరము నిలుచుటకు కోరునదేదో అదే తన్‌ఖ్వాహ్. ఇంగ్లీషువారి శాలరీ అనే మాట లాటిన్‌లో ఉప్పును చెప్పే పదముతో ముడిపడి వున్నది. మూడు భాషలూ బ్రతుకుతెరువునే చెప్పినవి. ఎక్కడా దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. అయితే మన దేశములో ఉప్పుకు ఇంకొక అర్థము కూడ వున్నది. ఉప్పు తిన్నవాడు విశ్వాసముగా పడి వుండవలెను. నమక్ హలాల్, నమక్ హరామ్ అనే మాటలు రెండు భాషల ఇళ్లలోను వినబడుతూనే వుంటాయి. ఎవరి ఉప్పు తింటున్నామో వారినే ఎక్కువ ఇమ్మని అడగడమెట్లా అన్న సంకోచము అక్కడ నుండే వచ్చినదని మా అనుమానము. పని చేయించుకున్నవాడు కూడ పనివాని ఉప్పు తిన్నట్లేనని మాత్రము ఎవరూ అనరు.

అర్జీ అన్న మాట చూడండి. అరబ్బీలో అర్జ్ అనగా విన్నవించుట, ఎదుట పెట్టుట. అర్జీ, దరఖాస్తు, మంజూరు, హాజరు, సిఫారసు, బకాయి, రాజీనామా, ఇవన్నీ ఆ దారినే మన కచేరీలలోకి వచ్చి తెలుగు పల్లెల దాకా పాకినవి. తన పొలము కొలిపించమని తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్న రైతు తాను బిచ్చమెత్తినట్లు ఏనాడూ అనుకోలేదు. ఖైరాతు అన్న మాట కూడ ఆ దారినే వచ్చినది గాని, దానిని అతడు వేరే చోట వాడుకున్నాడు. చదువు లేని రైతుకు తెలిసిన ఈ భేదము ఎమ్మే చదివిన అధ్యాపకునికి ఆ గదిలో ఎందుకు జ్ఞాపకము రాదో తెలియదు.

ఆత్మగౌరవము ప్రస్తావన వచ్చినప్పుడెల్లా ఉర్దూవారు మీర్జా గాలిబ్ కథ చెబుతారు. 1842లో ఢిల్లీ కళాశాలలో ఫారసీ అధ్యాపక పదవికి ఆయనను పిలిచారు. పల్లకీలో వెళ్లి గుమ్మము దగ్గర దిగి, తనను ఎదుర్కొని లోపలికి తీసుకొనిపోవుటకు సెక్రటరీ థామ్సన్ దొర రాలేదని అక్కడే నిలుచున్నాడు. ఉద్యోగానికి వచ్చినప్పుడు దర్బారు మర్యాద చెల్లదని దొర చెప్పగా, వున్న గౌరవము పెరుగుతుందని వచ్చితిమి గాని తరుగుటకు కాదని పల్లకీ తిప్పించుకొని ఇంటికి పోయినాడు. మహమ్మద్ హుసేన్ ఆజాద్ తన "ఆబె హయాత్"లో ఈ ఉదంతమును వ్రాసినప్పటి నుండి ప్రతి ముషాయిరాలోను ఇది వినిపిస్తూనే వున్నది.

అదే గాలిబ్ గూర్చి అంతగా చెప్పని సంగతి ఇంకొకటి వున్నది. 1850లో బహదూర్ షా జఫర్ ఆయనకు తైమూరు వంశ చరిత్ర వ్రాసే పని అప్పగించి నెలకు 50 రూపాయలు ఏర్పాటు చేశాడు. ఆ సొమ్ము ఆరు నెలలకొకసారి చేతికి వచ్చేది. నడుమ ఇల్లు గడవడానికి అప్పు చేయవలసి వచ్చేది. వడ్డీ రూపములో జీతములో షావుకారు భాగస్వామి అయినాడు. గాలిబ్ ఏమి చేశాడు? చక్రవర్తికే పద్యములో అర్జీ వ్రాశాడు. తన్‌ఖ్వాహ్ నెలనెలా ఇప్పించమన్నాడు. తన స్థితి దాచలేదు, తన విద్వత్తును తక్కువ చేసుకోలేదు. అంతకు పూర్వము తన కుటుంబపు పింఛను కోసము 1828లో కలకత్తా వరకు పోయి, ఏళ్ల తరబడి కంపెనీ ప్రభుత్వముతో అర్జీల యుద్ధము చేసినవాడు కూడ ఆయనే. పల్లకీ తిప్పించిన మనిషికి జీతము సంగతి మాటలాడడములో ఆత్మగౌరవము అడ్డు రాలేదు. మనమేమో మొదటి కథను నేర్చుకొని రెండవ కథను వదలి వేసినాము.

తెలుగువారు ఇటువంటి సందర్భములో పోతనగారిని తెస్తారు. రాజుల సొమ్ముకు ఆశపడక, తన కావ్యమును నరాంకితము చేయక, వ్యవసాయము చేసుకొని బ్రతికినాడని వాడుక. అధ్యాపకుల వీడ్కోలు సభలలో ఆయన పేరు రాకుండ ఉపన్యాసము ముగియదు. ఆ మహాకవి నిస్పృహకు మేము కూడ నమస్కరిస్తాము. అయితే పోతనగారికి పొలము వున్నది. కన్సాలిడేటెడ్ జీతము మీద అద్దె ఇంటిలో కాపురము చేసే అధ్యాపకునికి ఆ సౌకర్యము లేదు. పొలము లేనివానికి పోతన ఆదర్శము చెప్పేవారు, ముందు అతని అద్దె సంగతి కూడ విచారిస్తే బాగుండును.

మతధర్మము దృష్టితో చూసినను ఈ సంకోచానికి ఆధారము కనబడదు. చెరసాల నుండి విడుదలైన యూసుఫ్ ప్రవక్త, రాజ్యపు ధాన్యాగారముల మీద అధికారము తనకు ఇమ్మని రాజును తానే కోరినట్లు, కాపాడగలిగిన శక్తి, తెలివిడి తనకు వున్నవని తానే చెప్పినట్లు దివ్య ఖురానులో వున్నది. తన యోగ్యతను తన నోటితో, కొలతకు మించకుండ చెప్పుకొనుట అహంకారమైతే ఆ ఘట్టమునకు అక్కడ చోటు వుండేది కాదు గదా! మూసా ప్రవక్త మద్యనులో కొలువుకు కుదిరినప్పుడు కూడ ఎనిమిదేళ్లు విధిగా, పదేళ్లయితే నీ ఇష్టము అని షరతు ముందే తేలినది. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త బోధను మన సభలలో ప్రతి మే నెల మొదటి తేదీన స్మరిస్తారు. మదింపు జరిగేది కూడ ఆ రోజులలోనే.

ఇక అడిగే పద్ధతి. అడుగవలసి వచ్చినప్పుడు మనవారు సాధారణముగా చేసే పని ఇంటి కష్టాలు చెప్పుకోవడము. అమ్మకు ఆపరేషన్ అయినది, చెల్లెలి పెళ్లి దగ్గర పడినది, పిల్లల ఫీజులు కట్టవలెను, కాస్త చూడండి సార్. ఇవన్నీ నిజములే, ఒక్కటీ అబద్ధము కాదు. కష్టము చెప్పుకోవడములో సిగ్గుపడవలసినదీ లేదు. కాని దానివలన సంభాషణ స్వరూపము మారిపోతుంది. ఎదుటివారు యజమాని స్థానము నుండి దాత స్థానములోకి వెళతారు. దాత తన చిత్తము వచ్చినట్లు ఇస్తాడు. ఇచ్చినదానికి కృతజ్ఞత కోరుతాడు. ఇవ్వకపోతే తప్పు పట్టుటకు వీలు లేదు. అంతే కాదు. కష్టానికి కష్టము పోటీ వస్తుంది. ఇద్దరు ఆడపిల్లలున్న ఒకరికి పెంచి, పెళ్లి కానివానికి "నీకేమి ఖర్చులయ్యా" అని చెప్పుట మన సంస్థలలో కొత్త సంగతి కాదు. ఇద్దరూ అదే తరగతికి అదే పాఠము చెప్పినారు. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి పాఠము విలువ ఎట్లా మారుతుందో బోధపడదు.

ఈ తర్కము పడే మొదటి దెబ్బ స్త్రీల మీదనే. మాకు తెలిసిన ఒక గణితశాస్త్ర అధ్యాపకురాలు తొమ్మిదేళ్లు పనిచేసిన తరువాత, ఆ ఊరి పేరు గాని కళాశాల పేరు గాని ఇక్కడ అనవసరము, మదింపు సమయములో నోరు విప్పి జీతము పెంచమని అడిగింది. "మీ వారు మంచి ఉద్యోగములో వున్నారు గదమ్మా" అన్నది ఆమెకు దొరికిన సమాధానము. ఆమె భర్త లెక్కల పాఠము చెప్పలేదు. ఆయన ఉద్యోగము సంగతి ఆమె ఫారములో ఏ గడిలోను లేదు.

ఈ విషయములో పాశ్చాత్య దేశాలలో జరిగిన పరిశోధన కొంత ఆసక్తికరముగా వున్నది. అమెరికాలో లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ కలిసి 2003లో ఒక గ్రంథము ప్రకటించారు. ఒక విశ్వవిద్యాలయము నుండి పట్టా పుచ్చుకొని ఉద్యోగాలలో చేరినవారిలో, ఇస్తామన్న జీతము మీద బేరమాడిన పురుషులు నూటికి 57 మంది, స్త్రీలు 7 మంది అని అందులో వున్నది. స్త్రీలు అడగరు గనుక వారికి రాదు అనే మాట దాని తరువాత లోకమంతా వ్యాపించింది. తరువాత కొంతకాలానికి ఆస్ట్రేలియాలో వేలాది ఉద్యోగుల సమాచారము పరిశీలించిన ముగ్గురు ఆర్థికవేత్తలు వేరొక సంగతి చెప్పినారు. ఉద్యోగాలలో వున్న స్త్రీలు ఇంచుమించు పురుషులతో సమానముగానే అడుగుతున్నారు. కాని అడిగిన పురుషులలో నూటికి 20 మందికి పెరిగితే, స్త్రీలలో 15 మందికే పెరిగింది. అడగకపోవుట ఒక్కటే జబ్బు కాదన్నమాట. అడిగినప్పుడు వినే చెవి సంగతి కూడ వున్నది. మన విద్యార్థినులు ఈ రెండవ లెక్కను మరచిపోకూడదు. అడిగి రాకపోతే తమ నోటిలో లోపమున్నదని వారు కుమిలిపోనవసరము లేదు.

కష్టము చెప్పవద్దంటే ఏమి చెప్పవలెను? చేసిన పని చెప్పవలెను. వారానికి నియమించిన పీరియడ్లెన్ని, నిజముగా తీసుకున్నవెన్ని, సెలవు మీద వెళ్లినవారి తరగతులు ఎన్ని సర్దినారు, ఫలితము నిరుటికంటె ఎంత హెచ్చినది, ఎన్.ఎస్.ఎస్. శిబిరములో ఎన్ని రోజులున్నారు. ఎండాకాలములో కొత్త అడ్మిషన్ల కోసము ఎన్ని ఊళ్లు, ఎన్ని గడపలు తిరిగినారు. ఈ చివరి సంగతి ఫారములలో సాధారణముగా వుండదు. కాని మే, జూన్ నెలలలో కరపత్రాలు చేత పట్టుకొని ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించేది అధ్యాపకులే. విద్యార్థులు చేరకపోతే సెక్షను మూతపడుతుందని తెలిసినవారికి ఆ తిరుగుడు విలువ తెలియకపోదు. ఇవన్నీ ఒక కాగితము మీద, తేదీలతో, మదింపుకు వారము ముందే ఇచ్చి వుంచితే మంచిది. అప్పటికప్పుడు చెబితే ఎదుటివారు ఆత్మరక్షణలో పడతారు. ఆలోచించుకునే వ్యవధి వారికి కూడ కావలెను.

తరువాత, ఒక అంకె చెప్పవలెను. "కొంచెం చూడండి" అంటే ఆ కొంచెము ఎంతో నిర్ణయించే పని కూడ ఎదుటివారికే వదలినట్లు. రాజీనామా మాట ఆ గదిలో ఎత్తరాదు. నిజముగా ఇంకొక చోట కుదిరి, వెళ్లుటకు నిశ్చయించుకున్నప్పుడు తప్ప. బెదిరింపుగా వాడిన రాజీనామాను నిజముగానే అంగీకరించిన సందర్భాలు లోకములో కావలసినన్ని వున్నవి. అడిగిన తరువాత మౌనము వహించుట అన్నింటికంటె కష్టము. ఎదుటివారు ఆలోచించే ఆ అరనిమిషము భరించలేక "పోనీలెండి సార్, వచ్చే సంవత్సరము చూద్దాము" అని తన కోరికను తానే వెనక్కు తీసుకునేవారిని మేము ఎందరినో ఎరుగుదుము. కాదంటే, ఎందుకు కాదో, ఎప్పటికి అవునో, అందుకు తామేమి చేయవలెనో అడిగి వ్రాసుకొని రావలెను.

జీతము పెరగకపోతే వున్నదే వుంటుంది గదా అని కొందరు తృప్తి పడతారు. ఇది లెక్క తెలియని మాట. నెలకు 15,000 రూపాయలతో చేరినవానికి అయిదేళ్లు అదే జీతము నడచినదనుకొందాము. ధరలు ఏటా నూటికి 5 చొప్పున పెరిగితే, అయిదేళ్ల తరువాత ఆ 15,000 తో కొనగలిగినది తొలినాటి 11,750 రూపాయల సరుకు మాత్రమే. ఎవరూ కోత కోయలేదు, ఆర్డరు ఇవ్వలేదు. అయినను మూడు వేలకు పైగా పోయినవి. అదే స్టాఫు రూములో, అదే సిలబస్ చెప్పే ఎయిడెడ్ అధ్యాపకునికి ఈ చిక్కు లేదు. ఏడవ వేతన సవరణలో యు.జి.సి. నిర్ణయించిన అసిస్టెంటు ప్రొఫెసరు తొలి మూలవేతనము 57,700. ఏటా నూటికి 3 ఇంక్రిమెంటు. కరువు భత్యము వేరు. అతడు ఎవరినీ అడగనవసరము లేదు. 2019లో అతిథి అధ్యాపకులకు కూడ పీరియడుకు 1,500 చొప్పున, నెలకు 50,000 మించకుండ ఇవ్వవచ్చునని యు.జి.సి. నిర్ణయించింది. ఒకే గంట మ్రోగితే ఒకే సమయములో పక్కపక్క గదులలోకి వెళ్లే ఇరువురిలో, ఒకరి జీతము జి.ఓ.ను బట్టి పెరుగుతుంది, మరొకరిది ఆ పది నిమిషాల ధైర్యమును బట్టి. అన్-ఎయిడెడ్ వారికి మదింపు గదిలో మాటలాడుట ఇంత ముఖ్యమగుటకు ఇదే కారణము.

న్యాయస్థానములు ఏమన్నవి అని విద్యార్థులు అడుగవచ్చును. 1988లో గోవాకు చెందిన సుందరంబాల్ అనే ఉపాధ్యాయిని కేసులో, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టము క్రింద ఉపాధ్యాయులు కార్మికులు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. విద్య గరపుట పవిత్ర వృత్తి అన్నది అందులో ఒక కారణము. పవిత్రమైనది గనుక లేబరు కోర్టు గుమ్మము ఎక్కరాదు! గ్రాట్యుటీ విషయములో కూడ 2004లో అటువంటి ఇబ్బందే వచ్చినది; పార్లమెంటు 2009లో చట్టము సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండి ఉపాధ్యాయులకు ఆ హక్కు కల్పించినది; ఆ సవరణ చెల్లునని 2022లో సుప్రీంకోర్టు నిర్ధారించినది. పొగడ్త ముందు వచ్చి పైకము వెనుకగా నడచుట మన వృత్తికి అలవాటైన సంగతి.

మన కమిటీ పెద్దలు ప్రత్యేకముగా గమనించవలసిన తీర్పు ఇంకొకటి వున్నది. ఢిల్లీ విద్యాచట్టము ప్రకారము అక్కడి గుర్తింపు పొందిన ప్రయివేటు పాఠశాలలు ప్రభుత్వ పాఠశాలలతో సమానముగా జీతాలివ్వవలెను. అన్-ఎయిడెడ్ అల్పసంఖ్యాక పాఠశాలలకు మాత్రము ఆ చట్టములోనే మినహాయింపు వుండేది. ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూలు ఉద్యోగులు దీనిని సవాలు చేయగా, 1986లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. రాజ్యాంగము 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనే హక్కు ఇచ్చినది. ఉద్యోగులకు న్యాయమైన జీతము ఇవ్వమనుట ఆ హక్కుకు భంగము కాదని, తృప్తిగా వున్న అధ్యాపకులను బట్టియే బోధన మేలు వుంటుందని ఆ తీర్పు సారాంశము. దానిని వ్రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన తెలుగువారు. ఆ చట్టము ఢిల్లీది, మన రాష్ట్రాలది కాదు, నిజమే. కాని "మనది మైనారిటీ సంస్థ, మనవాళ్ల సేవ, ఇక్కడ జీతాల సంగతి తేవద్దు" అనే వాదానికి ఆ తీర్పు తరువాత బలము మిగలలేదు. సేవ అనేది ఇష్టపూర్వకముగా ఇచ్చేది. ఇచ్చేవాని తరఫున పుచ్చుకొనేవాడు దానిని ప్రకటించుట తగదు.

మదింపు రహస్యముగా వుండవలెననే అభిప్రాయము కూడ కొందరికి వున్నది. ప్రభుత్వములో చాలకాలము అట్లే నడచినది. వార్షిక రహస్య నివేదిక అని దాని పేరే. సరిహద్దు రహదారుల శాఖలో దేవ్ దత్ అనే ఇంజనీరుకు 1993-94 సంవత్సరానికి "గుడ్" అని వ్రాసినారు. చూచుటకు మంచి మాటే. కాని పదోన్నతికి అయిదేళ్లూ "వెరీ గుడ్" వుండవలెనని నియమము. ఆ ఒక్క "గుడ్" సంగతి ఆయనకు చెప్పలేదు, పదోన్నతి పోయినది. ప్రభుత్వోద్యోగి గూర్చి వ్రాసిన ప్రతి మాటను, మంచిదైనా చెడ్డదైనా, అతనికి తెలియజేయవలెనని 2008లో సుప్రీంకోర్టు ఈ కేసులో చెప్పినది. మరుసటి సంవత్సరము నుండి కేంద్ర ప్రభుత్వము ఆ నివేదిక పేరులో నుండి "రహస్య" పదమును తీసివేసింది. మన కళాశాలలలో న్యాక్ బృందము అడుగుతుంది గనుక ఫారములు శ్రద్ధగా నింపిస్తారు, ఫైలులో వరుసగా కుట్టిస్తారు, బీరువాలో పెడతారు. అందులో తన గూర్చి ఏమి వ్రాసినారో తెలిసిన అధ్యాపకుని మేము ఇంతవరకు చూడలేదు.

ఆఫీసులకు పోబోయే విద్యార్థులకు ఒక హెచ్చరిక. పెద్ద కంపెనీలలో మదింపు అంతా శాస్త్రీయముగా, అంకెలలో జరుగుతుందని వింటాము. అక్కడ కొంతకాలము ఒక చిత్రమైన పద్ధతి నడచినది. ప్రతి బృందములోను ఇంతమంది ఉత్తములు, ఇంతమంది మధ్యములు, ఇంతమంది అధములు వుండి తీరవలెనని ముందే వాటాలు వేస్తారు. పదిమందీ బాగా పనిచేసినను ఒకరిని అధమునిగా చూపక తప్పదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2013లో ఈ పద్ధతిని వదలుకున్నది. అంకె కనబడగానే న్యాయము జరిగినదని అనుకోకుండ, అది ఎట్లా వచ్చినదో అడగడము మీ హక్కు.

కమిటీ పెద్దల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. మన దగ్గర చదివే పిల్లలలో ఎక్కువమంది ఆటో నడిపేవారి, దర్జీల, చిల్లర వర్తకుల బిడ్డలు. ఫీజులు పెంచితే వారు చదువు మానుతారు. ప్రభుత్వము చెల్లించవలసిన ఫీజు రీయింబర్సుమెంటు బకాయిలు నెలల తరబడి రావు. దాతల సంఖ్య పెరగదు, కరెంటు బిల్లు పెరుగుతుంది. అడిగిన ప్రతివారికీ అడిగినంత ఇచ్చుట సాధ్యము కాదు. ఇది మేము ఒప్పుకుంటాము. అయితే డబ్బు లేకపోవుట వేరు, జవాబు లేకపోవుట వేరు. "ఈ సంవత్సరము వెయ్యి రూపాయలు, బకాయిలు వచ్చిన తరువాత ఇంకొక వెయ్యి" అని కాగితము మీద వ్రాసి ఇస్తే, ఆ అధ్యాపకుడు ఇంటిలో ఒక మాట చెప్పగలడు. అప్పు ఎంత చేయవచ్చునో తెలుసుకోగలడు. డబ్బు బొత్తిగా లేనప్పుడు పీరియడ్ల భారము తగ్గించవచ్చును. పరిశోధనకు సెలవు ఇవ్వవచ్చును. ఎండలో గడపలు తిరిగిన రోజులకు ప్రయాణపు ఖర్చులైనా ఇవ్వవచ్చును. "చూద్దాము" అన్న మాట ఒక్కటి మాత్రము ఎవరికీ ఉపయోగపడదు. అడిగినవాడు దానిని అవునని అనుకుంటాడు, చెప్పినవారు మరచిపోతారు.

అడగకుండ వున్నవారు తృప్తిగా వున్నారని కమిటీ భావించరాదు. అడగనివారు ఒక రోజు హఠాత్తుగా వెళ్లిపోతారు. విద్యాసంవత్సరము మధ్యలో భౌతికశాస్త్రము చెప్పేవారు వెళ్లిపోయి, ప్రయోగశాలకు రెండు నెలలు తాళము పడిన అనుభవము మన వంటి కళాశాలల విద్యార్థులకు కొత్త కాదు. ఆ నష్టము ఏ బడ్జెటు పద్దులోను కనబడదు. అడిగేవాడు, ఎంత చిరాకు కలిగించినను, ఇంకా వుండాలనే కోరికతో అడుగుతున్నాడు.

అందుచేత కమిటీ ముందు మా విన్నపము ఇది. మదింపు ఫారములో ఇప్పుడున్న పేజీల చివర మూడు గడులు చేర్చండి: అధ్యాపకుడు కోరుతున్న జీతము, అందుకు అతడు చూపే కారణము, కమిటీ ఇచ్చిన జవాబు. మూడవ గడిలో తేదీ, సంతకము వుండవలెను. నకలు ఒకటి అధ్యాపకునికి ఇవ్వవలెను. గడి వున్నప్పుడు దానిని నింపుట ఎవరికీ ధిక్కారముగా తోచదు, వచ్చే ఏప్రిల్‌లో "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అనే ప్రశ్న కూడ అవసరము వుండదు. అచ్చు ఖర్చు ఫారముకు ఒక పేజీ మాత్రమే అవుతుంది. కొత్త ఫారములు ముద్రణకు పంపకముందే దీనిని పరిశీలించవలెనని కోరుతున్నాము.